పాఠశాలల మధ్య పాత సామాను పోటీలు: కొలమానాల చరిత్ర

పాఠశాలల మధ్య సేకరణ పోటీ పెట్టి, ఎక్కువ చిత్తు కాగితాలు లేదా ఎక్కువ ప్లాస్టిక్ సీసాలు పోగుచేసిన బడికి బహుమతి ఇచ్చే పద్ధతి నేడు పర్యావరణ విద్యలో ఒక భాగంగా కనిపిస్తున్నప్పటికీ, అది విస్తృత రూపం దాల్చింది రెండవ ప్రపంచ యుద్ధకాలపు ముడిసరుకుల కొరతలో. వాడి పారేసిన వస్తువును కరిగించో, గుజ్జు చేసో మళ్లీ ముడిసరుకుగా మార్చడాన్ని రీసైక్లింగ్ అంటున్నాం. ఉన్న వస్తువును ఉన్నట్టే తిరిగి వాడుకోవడం పునర్వినియోగం. అసలు చెత్త పుట్టకుండా చూసుకోవడం మూడవ మార్గం. ఈ మూడింటిలో పిల్లలకు ఏది అలవడుతుందన్నది పోటీ నిర్వాహకులు దేన్ని తూచి గెలుపు ప్రకటిస్తారన్న దానిపై ఆధారపడి ఉంటుంది గనుక, ఈ పోటీల చరిత్రను వాటి కొలమానాల చరిత్రగా పరిశీలించడం సమంజసం.

1940లో నార్వే జర్మనీ వశం కావడంతో బ్రిటన్‌కు స్కాండినేవియా నుంచి రావలసిన కలప గుజ్జు ఆగిపోయింది, ఓడల రవాణాకు జలాంతర్గాముల ముప్పు పెరిగింది, కాగితం, ఇనుము, ఎముకలు, గుడ్డపీలికలు ఒక్కసారిగా యుద్ధ సామగ్రి స్థాయికి చేరాయి. పెద్దలు సైన్యంలోనో కర్మాగారాల్లోనో ఉన్న ఆ రోజుల్లో ఇంటింటికీ తిరిగి వీటిని సేకరించే పని బడిపిల్లలకు అప్పగించారు. 1941లో మొదలైన 'కాగ్' పథకం కింద పిల్లలు దళాలుగా ఏర్పడి, బండ్లు తోసుకుంటూ వీధులు తిరిగి, తెచ్చిన సరుకును నిర్ణీత స్థలాలకు చేర్చేవారు. యుద్ధమనే పెద్ద యంత్రంలో తామూ ఒక పళ్లచక్రమేనన్న భావన ఆ పేరులోనే ఉంది. 1943లో దేశవ్యాప్తంగా పాత పుస్తకాల సేకరణ జరిగినప్పుడు తెచ్చిన పుస్తకాల సంఖ్యను బట్టి పిల్లలకు సాధారణ సిపాయి మొదలుకొని ఫీల్డ్ మార్షల్ దాకా సైనిక హోదాలు ఇచ్చారు. చిన్న మనసులకు ఇంతకంటే పెద్ద ప్రలోభం ఉండదు. అయితే సంఖ్యే గెలుపును నిర్ణయించినప్పుడు ఏది చిత్తు, ఏది అపురూపం అన్న విచక్షణ పిల్లల నుంచి ఆశించలేం గనుక, వచ్చిన పుస్తకాలను గ్రంథపాలకులు పరిశీలించి, సైనికులకు పంపదగినవాటిని, బాంబుదాడుల్లో ధ్వంసమైన గ్రంథాలయాలకు ఇవ్వదగినవాటిని వేరుచేసి, మిగిలినవాటినే గుజ్జు మిల్లులకు పంపే ఏర్పాటు చేయవలసి వచ్చింది. పోటీతో పాటే ఏరివేత వ్యవస్థ కూడా ఉండాలన్న పాఠం ఈ పోటీల తొలి దశలోనే తెలిసివచ్చిందన్నమాట.

అమెరికాలో ఇదే కాలంలో జరిగిన ప్రయోగం మరింత ఆసక్తికరమైనది. 1942 వేసవిలో నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహా నగరపు దినపత్రిక 'వరల్డ్ హెరాల్డ్' ప్రచురణకర్త హెన్రీ డోర్లీ, ఉక్కు మిల్లులకు పాత ఇనుము చాలక ఉత్పత్తి దెబ్బతింటున్న స్థితిని చూసి, జిల్లాలవంటి కౌంటీల మధ్య మూడు వారాల పోటీ ప్రకటించి, 2,000 డాలర్ల విలువైన యుద్ధ బాండ్లను బహుమతులుగా పెట్టాడు. ఈ పోటీ కేవలం పాఠశాలలది కాకపోయినా, తరువాత బడులలో నడిచిన సేకరణకు నమూనా ఇదే. డోర్లీ పద్ధతిలోని కీలకం అతడు ఎంచుకున్న లెక్క: మొత్తం బరువును కాక, దాన్ని జనాభాతో భాగించగా వచ్చే తలసరి బరువును అతడు ప్రమాణంగా తీసుకున్నాడు. అందువల్ల జనం పలుచగా ఉండే, పశువుల పెంపకమే ఆధారమైన గ్రాంట్ కౌంటీ వంటిది పెద్ద నగరాలున్న కౌంటీలతో సమాన హోదాలో తలపడి వాటిని దాటగలిగింది. రాష్ట్రం మొత్తం మీద మనిషికి నూరు పౌనులకు పైగా, అంటే సుమారు 47 కిలోల తుక్కు సమకూరింది. ఈ కృషికి ఆ పత్రిక 1943లో ప్రజాసేవా విభాగంలో పులిట్జర్ బహుమతి అందుకుంది. అంతకుముందే, 1942 శరదృతువులో, దేశవ్యాప్తంగా పత్రికలు ఈ పద్ధతిని అనుసరించి తుక్కు సేకరణ చేపట్టాయి. యుద్ధ ఉత్పత్తుల మండలి బడిపిల్లలను సంఘటితం చేసేందుకు ఆ ఏడే ఒక ప్రణాళికా పుస్తకాన్ని ప్రచురించింది, 1944లో కాగితం సేకరించే విద్యార్థులను 'పేపర్ ట్రూపర్స్' అని పిలిచి చిహ్నాలు, ప్రశంసాపత్రాలు ఇచ్చింది. ఈ ఉత్సాహంలో ఊరి నడుమ స్మారకాలుగా నిలిపిన పాత ఫిరంగులు సైతం కొలిమికి వెళ్లాయి.

యుద్ధం ముగిశాక పశ్చిమ దేశాలలో ఈ పోటీలు దాదాపు కనుమరుగు కాగా, సోవియట్ యూనియన్‌లోను, తూర్పు జర్మనీలోను అవి పాఠశాల జీవితంలో స్థిరపడ్డాయి. సోవియట్ బాలల సంస్థ పయనీర్ల దళాలు చిత్తు కాగితం, పాత ఇనుము సేకరణలో తరగతుల వారీగా పోటీపడేవి, ఏ తరగతి ఎన్ని కిలోలు తెచ్చిందో బడి గోడ మీద పట్టిక వేలాడేది. 1974లో పెద్దలకోసం అక్కడ మరో పద్ధతి వచ్చింది: 20 కిలోల చిత్తు కాగితం ఇచ్చినవారికి బజారులో దొరకని పుస్తకాలు కొనుక్కునే కూపన్లు ఇచ్చేవారు. పుస్తకాల కరువున్న సమాజంలో డబ్బుకంటె కూపనే విలువైనది. తూర్పు జర్మనీలో ప్రభుత్వ సంస్థ 'సెరో' సీసాలకు, కాగితానికి నిర్ణీత ధర చెల్లించేది. పిల్లలు ఇంటింటి తలుపు తట్టి తెచ్చిన సరుకు అమ్మగా వచ్చిన సొమ్ము తరగతి నిధికో, వియత్నాం వంటి దేశాల సహాయనిధికో చేరేది. 1990లో రెండు జర్మనీలు ఏకమైనాక ఆ కొనుగోలు వ్యవస్థ కూలిపోవడంతో పిల్లల సేకరణ కూడా ఆగిపోయింది. సరుకు కొనే చోటు ఉన్నంతవరకే సేకరణ నిలుస్తుందనడానికి చరిత్రలో ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం అరుదు.

పర్యావరణ కారణంతో ఈ పోటీలు మళ్లీ తలెత్తింది 1970 తర్వాత. ఆ ఏడాది ఏప్రిల్ 22న అమెరికాలో తొలి ధరిత్రీ దినోత్సవం జరిగింది. అదే ఏడు అట్టపెట్టెల తయారీ సంస్థ 'కంటైనర్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా' విద్యార్థులకు పెట్టిన చిత్రరచన పోటీలో గ్యారీ ఆండర్సన్ అనే యువకుడు గీసిన మూడు బాణాల చిహ్నం గెలిచింది. నేడు ప్రతి చెత్తబుట్ట మీద కనిపించే రీసైక్లింగ్ గుర్తు ఆ విధంగా విద్యార్థుల పోటీ నుంచే పుట్టింది. తరువాతి రెండు దశాబ్దాలలో బడులలో జరిగిన డబ్బాల సేకరణ ఎక్కువగా పాఠశాల నిధుల కోసమే కాబట్టి, అక్కడ కొలమానం పాత ఇనుప కొట్టు ఇచ్చే ధర.

అసలైన మార్పు 1990ల తరువాత వచ్చింది. 1992 నాటి రియో ధరిత్రీ సదస్సు స్ఫూర్తితో 1994లో డెన్మార్క్, జర్మనీ, గ్రీస్, బ్రిటన్‌లలో మొదలైన 'ఎకో స్కూల్స్' కార్యక్రమం బడులను ఒకదానితో ఒకటి పోటీకి నిలబెట్టడాన్ని మానుకొని, నిర్దేశించిన మెట్లన్నీ పూర్తిచేసిన ప్రతి బడికీ పచ్చజెండా గౌరవం ఇవ్వసాగింది. ఇందుకు భిన్నంగా, పోటీని వదలకుండానే కొలతను సంస్కరించిన ప్రయత్నం 2001లో అమెరికాలోని ఒహైయో రాష్ట్రంలో జరిగింది. ఒహైయో విశ్వవిద్యాలయం, అదే రాష్ట్రంలోని మయామీ విశ్వవిద్యాలయం తమ మధ్య పెట్టుకున్న 'రీసైకిల్ మేనియా' పందెం క్రమంగా వందలాది కళాశాలలకు విస్తరించింది. మొదట ఇందులో విద్యార్థికి ఎన్ని పౌనుల సరుకు సేకరించారన్నదే లెక్క. కానీ ఎక్కువ కొని, ఎక్కువ పారేసే ప్రాంగణమే ఎక్కువ సేకరించగలదు కాబట్టి, కాలక్రమంలో మొత్తం చెత్తలో రీసైక్లింగ్‌కు వెళ్లిన వాటాను, ఆపైన తలసరి మొత్తం చెత్త ఎంత తక్కువన్నదాన్ని కూడా విడి విభాగాలుగా చేర్చారు. చెత్త తక్కువ చేసినవారికే కిరీటం దక్కే విభాగం రావడం ఈ పోటీల చరిత్రలో పెద్ద మలుపు. యుద్ధకాలంలో సరుకే లక్ష్యం కాబట్టి బరువును తూచడం న్యాయమే. చెత్తను తగ్గించడం లక్ష్యమైనప్పుడు కూడా బరువునే తూచడం లక్ష్యానికి ఎదురు నడిచినట్టే అవుతుంది.

భారతదేశంలో ఈ పోటీలు అడుగుపెట్టిన నేల పూర్తిగా వేరు. ఇక్కడ పాత పేపర్లు, సీసాలు, ఇనుము, ఇత్తడి చెత్తకుండీ దాకా పోవు. తోపుడుబండి మీద వీధి తిరిగే పాత సామాన్లవాళ్లు, తూచి కొనే పాత పేపర్ల కొట్లు, చెత్త ఏరుకుని బతికే కుటుంబాలు కలిసి ఏ ప్రభుత్వ పథకమూ లేకుండానే ఒక సేకరణ వ్యవస్థను నిలబెట్టుకున్నాయి. విద్యావ్యవస్థ ఈ రంగంలోకి ఆలస్యంగా వచ్చింది. పర్యావరణాన్ని పాఠ్యాంశంగా బోధించాలని ఎం.సి. మెహతా వ్యాజ్యంలో 1991లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2001-02లో కేంద్ర పర్యావరణ శాఖ జాతీయ హరిత దళాన్ని ప్రారంభించి బడుల్లో ఎకో క్లబ్బులను ఏర్పాటుచేయించింది. తెలుగునేలకు సంబంధించినంతవరకు, గోదావరి ఒడ్డున సారపాకలో 1979 నుంచి అట్టకాగితం తయారుచేస్తున్న భద్రాచలం మిల్లు 2002లో ఐటీసీలో విలీనం కాగా, అదే సంస్థ 2007లో మొదలుపెట్టిన 'వెల్త్ అవుట్ ఆఫ్ వేస్ట్' కార్యక్రమం ఇళ్లు, కార్యాలయాలతో పాటు బడుల నుంచీ పొడి చెత్తను సేకరించే పద్ధతిని విస్తరింపజేసింది. చిత్తు కాగితాన్ని విదేశాల నుంచి దిగుమతి చేసుకుంటున్న దేశంలో కాగితపు మిల్లు బడుల వైపు చూడటం సహజమైన విషయమే.

ఇక్కడే మన బడులలో జరిగే పోటీలకు ప్రత్యేకమైన చిక్కు ఎదురవుతుంది. కిలోల పోటీ ప్రకటించిన వెంటనే పిల్లలు ఇంట్లోని నెలవారీ దినపత్రికల కట్టను, పాత నోటుపుస్తకాలను బడికి మోసుకువస్తారు. పోటీ లేకపోయినా అవి పాత పేపర్ల కొట్టుకే చేరి మిల్లుకు వెళ్లేవి కనుక, దేశంలో రీసైక్లింగ్ ఒక్క కిలో కూడా పెరగదు, తేడా అల్లా తోపుడుబండివాడికి రావలసిన బేరం తగ్గడమే. మరోవైపు చిప్స్ పొట్లాలు, షాంపూ సాషేల వంటి బహుళపొరల కవర్లను, అంటే ప్లాస్టిక్‌ను, అల్యూమినియం పూతను అతికించి చేసిన, విడదీయడం కష్టమైన సంచులను ఎవరూ కొనరు. అవి తేలికగా ఉండటం వల్ల కిలోల పోటీలో పిల్లలు వాటి జోలికి పోరు. ఏ సరుకుకు బడి సాయం నిజంగా అవసరమో దాన్ని వదిలి, అవసరం లేనిదాన్ని తెచ్చినవారిని సన్మానించడం విచారకరం.

ప్రభుత్వ పురస్కారాల తీరు కూడా ఈ సందర్భంలో గమనించదగినది. 2016లో మొదలైన స్వచ్ఛ విద్యాలయ పురస్కారం నీరు, మరుగుదొడ్లు, సబ్బుతో చేతులు కడగడం, నిర్వహణ, ప్రవర్తనలో మార్పు అనే అంశాల మీద బడులను అంచనా వేసింది. ఆడపిల్లలు మరుగుదొడ్డి లేక బడి మానేసే దేశంలో ఆ ప్రాధాన్యం సరైనదే, కాని చెత్తను వేరుచేసే విషయం అందులో స్వతంత్ర విభాగం కాలేదు. అదే ఏడాది వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెత్త పుట్టినచోటే తడి, పొడి, ఇంటి ప్రమాదకర వ్యర్థాలుగా మూడు రకాలు వేరుచేయాలని చట్టబద్ధం చేశాయి. హైదరాబాద్ నగరపాలక సంస్థ అంతకుముందే, 2015 చివరి నుంచి, ఇంటింటికీ రెండు రంగుల బుట్టలు పంచింది. చట్టం, బుట్టలు రెండూ ఉన్నా తడి, పొడి కలిసిపోవడం నేటికీ వీధుల్లో కనబడుతూనే ఉంది కాబట్టి, బడి నేర్పవలసిన మొదటి విద్య కిలోలు పోగుచేయడం కంటె వేరుచేయడమే అన్న నిర్ణయానికి రావలసి ఉంటుంది.

కనుక ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విద్యాశాఖలుగాని, జిల్లా హరిత దళాలుగాని ఇకమీద పోటీ పెట్టదలిస్తే, పోటీకి ముందు ఒక నెలపాటు ప్రతి బడీ తన సొంత చెత్తను తూచి నమోదుచేసుకోవాలని, ఇంటి నుంచి తెచ్చిన దినపత్రికలను లెక్కలోకి తీసుకోరాదని, తడితో కలిసిన పొడి చెత్తకు మార్కులు తగ్గించాలని, తుది తూకం పోటీ ముగిసిన మూడు నెలలకు జరపాలని నియమం పెట్టాలి. సేకరించిన కాగితాన్ని, సీసాలను బడి ఉన్న వీధిలోని పాత సామాన్లవారికే అమ్మాలి, ఆ కాటా దగ్గర పిల్లలే నిలబడి లెక్క రాసుకోవాలి.