బుయాంగ్ హువాన్‌వు తాంగ్

పక్షవాతం నుంచి కోలుకుంటున్న రోగులకు చైనా సంప్రదాయ వైద్యులు ఇచ్చే కషాయాల్లో బాగా పేరున్నది ఇది. కూర్చినవాడు హెబేయ్ ప్రాంతపు యూతియన్‌కు చెందిన వాంగ్ చింగ్రెన్ (1768–1831). 1830లో వెలువడిన ఆయన గ్రంథం ‘యీలిన్ గైత్సువో’లో ఈ యోగం ఉంది.

మన పక్షవాతంలో వాతం ఉన్నట్టే, చైనీయుల ‘జోంగ్‌ఫెంగ్’లోనూ గాలి ఉంది, ఆ మాటకు గాలి దెబ్బ అని అర్థం. వాంగ్ ఆ గాలిని ఒప్పుకోలేదు. ఒంట్లో ‘చీ’ అనే ప్రాణశక్తి పది పాళ్లు ఉంటుందనీ, ఐదు పాళ్లు పోతే మిగిలింది ఒక పక్కకు చేరి రెండో పక్క చచ్చుబడుతుందనీ చెప్పాడు. పోయిన ఐదింటినీ తిరిగి తెచ్చేది కనుక కషాయానికి ఈ పేరు. 1797లో అంటువ్యాధికి బలైన పిల్లల శవాలను శ్మశానంలో స్వయంగా పరిశీలించిన మనిషాయన. జ్ఞాపకానికి చోటు గుండె కాదు, మెదడు అని రాసినవాడు. పక్షవాతానికి మాత్రం చీ లోపాన్నే కారణంగా చూపాడు.

ఈ యోగం ప్రత్యేకత పాళ్లలోనే ఉంది. చిక్కుడు కుటుంబానికి చెందిన హువాంగ్‌చీ వేరు, చైనా పాత తూకంలో, నాలుగు లియాంగ్‌లు, అంటే నలభై చియన్‌లు. మిగతా ఆరూ కలిపినా ఏడున్నర చియన్‌లే: దాంగ్‌గుయ్ వేరు కొస, ఎర్ర పియోనీ వేరు, చువాన్‌షియోంగ్ దుంప, పీచ్ గింజల పప్పు, కుసుమ పూరేకులు, మట్టి తీసి ఎండబెట్టిన వానపాము. వానపామును వాళ్లు ‘దీలోంగ్’, నేల డ్రాగన్ అంటారు. మన రసశాస్త్రంలో అది భూనాగం. తెలంగాణ రైతులు నూనె కోసం వేసే కుసుమే ఇక్కడ పూలతో మందవుతుంది. బలమిచ్చేది బోలెడు, రక్తాన్ని కదిలించేవి కాసిన్ని అన్నది వాంగ్ ఆలోచన. జబ్బు నయమయ్యాకా కొన్నాళ్లకోసారి తాగమన్నాడు.

ఇలాంటి మందులకు పెద్ద పరీక్షలూ జరిగాయి. న్యూరోఎయిడ్ అనే గుళికలను మెదడు రక్తనాళం పూడుకుపోయిన 1,100 మందిపై, సగం మందికి ఉత్తుత్తి గుళికలిచ్చి చూశారు. మూడు నెలల తర్వాత రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదని 2013లో తేలింది. మెదడులో రక్తస్రావమైన 1,600 మందికి పైగా రోగులపై చైనాలో మరో మూలికా మందును పరీక్షించారు. 2024లో వచ్చిన ఆ ఫలితమూ అంతే. వాంగ్ కషాయం మేలు చేస్తుందన్న చిన్న అధ్యయనాలు చాలా ఉన్నా, వాటి నాణ్యత తక్కువ.

కాలూ చెయ్యీ మళ్లీ ఆడించే ఫిజియోథెరపీకి ఇది బదులు కాదు. మూతి వంకర పోయిన తొలి గంటల్లో దీని జోలికే పోకూడదు. అప్పుడు కావలసింది ఆసుపత్రి, సీటీ స్కాన్. దాంగ్‌గుయ్ వార్ఫరిన్‌తో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. రక్తం పలచబరిచే మాత్రలు వాడేవారు డాక్టరుకు చెప్పకుండా ఈ కషాయం తాగకూడదు.