పరీక్ష ఎవరికి? – ఇంగ్లండు బడుల కథ

బ్రిటన్‌లో స్థిరపడిన మనవారి పిల్లలను ఏ తరగతి అని అడిగితే "ఇయర్ సిక్స్, కీ స్టేజ్ టూ" అని జవాబు వస్తుంది. వినేవారికి అయోమయమే గాని, లెక్క సులువైనది. ఇంగ్లండులో 5 నుండి 7 ఏళ్ళ వరకు మొదటి దశ, 11 వరకు రెండవది, 14 వరకు మూడవది, 16 వరకు నాలుగవది. స్కాట్లండుది వేరు దారి. ఈ దశలను, వాటి చివరి పరీక్షలను తెచ్చినది 1988 నాటి విద్యా సంస్కరణ చట్టం. అయితే వీటి మూలం 1862లో ఉన్నదని నా అభిప్రాయం.

ఆనాడు విద్యావ్యవహారాలు చూస్తున్న రాబర్ట్ లో అనే రాజకీయవేత్త, బడులకిచ్చే ప్రభుత్వధనానికి తగిన ఫలితం కనబడాలని పట్టుబట్టి "సవరించిన నియమావళి"ని అమలుచేశాడు. పిల్లలను ఆరు "స్టాండర్డులు"గా విభజించారు. మన పెద్దలు "ఐదో స్టాండర్డు" అనే మాటకు పుట్టినిల్లు అదే. ఏటా ఇన్‌స్పెక్టరు వచ్చి చదవడం, వ్రాయడం, లెక్కలు అనే మూడింటిలో ఒక్కొక్క పిల్లవాణ్ణి పరీక్షిస్తాడు. హాజరుకు 4 షిల్లింగులు, పరీక్షకు 8 షిల్లింగులు గ్రాంటు. ఒక్క విషయంలో తప్పితే 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. 8 షిల్లింగులను సరిగ్గా మూడు ముక్కలు చేసిన లెక్క అది! చాలాచోట్ల ఉపాధ్యాయుని జీతం ఆ గ్రాంటుపైనే ఆధారపడేది.

తరువాత జరిగినది ఏ పంతులైనా ఊహించగలడు. ఇన్‌స్పెక్టరు చదివించే పుస్తకాన్ని ముందే కంఠస్థం చేయించారు. పుస్తకం తలక్రిందులుగా పట్టుకొని కూడా పిల్లలు గడగడ అప్పజెప్పేవారని చెప్పుకుంటారు. చరిత్ర, భూగోళం వెనుకబడ్డాయి, డబ్బు రాలని విషయాలు గనుక. ప్రసిద్ధ కవి మాథ్యూ ఆర్నాల్డ్ 35 ఏళ్ళు బడుల ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. ఈ పద్ధతి వచ్చాక బోధనలో జీవం తగ్గిందని 1867 నివేదికలో నిర్మొహమాటంగా వ్రాశాడు. అయినా 1890ల దాకా అది పూర్తిగా తొలగలేదు. మద్రాసు రాజధానికీ ఈ ఫలితాల గ్రాంటు వచ్చింది. ఊరివారిచ్చే ధాన్యంతో, పండుగ కానుకలతో బ్రతికిన మన అరుగుబడి పంతులు కూడా దొరగారి తనిఖీకై ఎదురుచూడవలసి వచ్చింది.

1944 చట్టంతో భారం పంతులు నుండి పిల్లవాని భుజానికి మారింది. పదకొండేళ్ళ ప్రాయంలో ఇంగ్లీషు, లెక్కలు, తెలివితేటల ప్రశ్నలతో "ఎలెవన్ ప్లస్" పరీక్ష. నెగ్గినవారు గ్రామర్ స్కూలుకు, మిగిలినవారిలో అత్యధికులు సెకండరీ మోడరన్‌కు. గ్రామర్ సీట్లు అన్ని జిల్లాలలో సమానంగా లేవు. ఒకచోట గట్టెక్కించే మార్కులే మరొకచోట ముంచేవి. కొన్ని ప్రాంతాలలో ఆడపిల్లలు ఎక్కువమంది నెగ్గుతున్నారని వారికి గీత పైకి జరిపారు కూడా! 1965లో ప్రభుత్వం దీనికి స్వస్తి చెప్పమని స్థానిక సంస్థలను కోరింది. అయినా 163 గ్రామర్ స్కూళ్ళు ఇంగ్లండులో మిగిలే ఉన్నాయి.

1988 చట్టం మళ్ళీ బడిని తూచడానికి పూనుకుంది. 7, 11, 14 ఏళ్ళకు జాతీయ పరీక్షలు. 1993లో ఉపాధ్యాయులు బహిష్కరించారు. కొద్ది ఏళ్ళకే బడులవారీ ఫలితాలు పత్రికలకెక్కాయి. షిల్లింగుల స్థానంలో పరువు వచ్చి కూర్చుంది. మన పదవ తరగతి ఉత్తీర్ణతా శాతాలు బడి గోడలపై వ్రాయడం చూచిన నాకు ఆ పట్టికల బరువు ఎరుకే. 14 ఏళ్ళ పరీక్షను 2008లో ఎత్తివేశారు. 7 ఏళ్ళది 2023-24 నుండి బడుల ఇష్టానికి వదిలారు. పదకొండేళ్ళది నిలిచింది. ఆ మార్కులు బడికే గాని పిల్లవానికి కావని అధికారులంటారు. సరే, పరీక్ష వ్రాసే పిల్లవానికి ఆ భేదం ఎవరు చెప్పాలి? సంస్కృతంలో పరీక్ష అంటే పరి, ఈక్ష – అన్నివైపుల నుండి చూడడం. ఇక్కడ చూస్తున్నది ఒక్కవైపే.

2012లో ఆరేళ్ళ పిల్లలకు పెట్టిన ధ్వని పరీక్ష మరీ విచిత్రం. చదవవలసిన 40 మాటలలో 20 అర్థంలేని కల్పిత పదాలు. జ్ఞాపకంతో నెట్టుకురాకుండా, అక్షరాలు కూడబలుక్కుని చదువుతున్నాడా అని చూడడానికి. 1862 నాటి కంఠస్థానికి నూట యాభై ఏళ్ళకు దొరికిన విరుగుడు అన్నమాట. బడులేం చేశాయి? కల్పిత పదాలతోనే సాధన మొదలుపెట్టాయి. పైగా చక్కగా చదవగల పిల్లలు కొందరు "స్ట్రోమ్" అనే మాటను అచ్చుతప్పు అనుకొని, "స్టార్మ్" అని దిద్ది చదివి, మార్కు పోగొట్టుకున్నారు.