గడ్డికిచ్చిన గడువు

బీడు పాడైతే మన ఊళ్లలో నేరమంతా గొడ్ల మీదే వేస్తాం. 'మంద పెరిగింది, గడ్డి మిగల్లేదు' అంటాం. ఆ మాటలో సగమే నిజమని తన పొలంలో తేల్చి చూపినవారు ఫ్రాన్స్‌కు చెందిన ఆంద్రే వాజాఁ.

ఆయన 1903లో నార్మండీలోని దియెప్‌లో పుట్టారు. చదువుకున్నది రసాయన శాస్త్రం. ఆల్ఫోర్ పశువైద్య కళాశాలలో పాఠాలు చెప్పారు. అంత చదువుకున్న మనిషి తన ఆవుల వెనకే నడుస్తూ, అవి ఏ గడ్డిని ఎప్పుడు కొరుకుతున్నాయో కనిపెడుతూ గడిపారు. ఆయన మీద నాకు గౌరవం కలిగింది అందుకే.

ఆవుకు పైదవడ ముందుపళ్లుండవు. నాలుకతో గడ్డిని చుట్టి, కిందిపళ్లతో చిగుళ్లకు నొక్కిపెట్టి తెంపుతుంది. తెగిన దుబ్బుకు ఆకు లేదు కాబట్టి కాడల మొదళ్లలో, వేళ్లలో దాచుకున్న బలంతో కొత్త మోసు వేస్తుంది. మంద అక్కడే ఉంటే ముదురు గడ్డిని వదిలి ఆ లేత మోసు కోసమే మళ్లీ వస్తుంది. దాచుకున్నది తిరిగి కూడకముందే రెండో కాటు పడుతుంది. దుబ్బును చంపేది అదే. ఒక్క ఆవైనా సరే, అక్కడే తిరుగుతుంటే దుబ్బు చస్తుంది. వంద ఆవులైనా ఒక్కరోజు మేసి వెళ్లిపోతే బతుకుతుంది.

బీడును మడులుగా విడగొట్టడం ఆయనతో మొదలైంది కాదు. 18వ శతాబ్దంలోనే స్కాట్లాండ్‌లో జేమ్స్ ఆండర్సన్ 15, 20 మడులుగా చేసి వరసగా మేపమన్నారు. వాజాఁ కలిపింది రోజుల లెక్క. గడ్డి మొదట్లో మెల్లగా లేస్తుంది, మధ్యలో ఒక్కసారిగా ఎగస్తుంది, తర్వాత ముదిరి నెమ్మదిస్తుంది. తమ ప్రాంతంలో మే, జూన్‌లలో 18 రోజులు విడిచిపెడితే హెక్టారుకు 4,800 కిలోల పచ్చిగడ్డి వస్తుందని ఆయన లెక్క. 9 రోజులకే మందను దింపితే వచ్చేది 1,600 కిలోలే! గడువు సగానికి తగ్గితే మేత మూడో వంతుకు పడిపోయింది. ఆగస్టు, సెప్టెంబర్‌లలో ఎదుగుదల మందగిస్తుంది కాబట్టి ఆ గడువు 36 రోజులు కావాలి. అంటే క్యాలెండర్ చూసి తోలితే కుదరదు, గడ్డిని చూసి తోలాలి.

ఇదంతా 1957లో పుస్తకంగా వచ్చింది. ఫిడెల్ కాస్ట్రో పిలుపు మీద క్యూబా వెళ్లిన వాజాఁ 1964 డిసెంబరులో అక్కడే కన్నుమూశారు. హవానాలోనే సమాధి చేశారు. ఆయన పద్ధతి బ్రెజిల్‌లో బాగా వేళ్లూనింది. అక్కడి మాంసపు మందల్లో ఎక్కువ భాగం నెలోర్ జాతివే, మన ఒంగోలు పశువుల సంతతి. వంతుల మేపులో ఒక మడి నుంచి ఇంకో మడికి నడుస్తున్న ఆ తెల్లని మందల పూర్వీకులు మన నెల్లూరు, ఒంగోలు బీళ్లలో మేసినవే.