కొత్త రివాల్వర్ మచ్చిక

కొత్త ఇనప పెనం మీద మొదటి అట్టు చక్కగా ఊడిరావడం మీలో ఎవరైనా చూశారా? నేనైతే చూళ్ళేదు. నూనె రాసి, ఉల్లిపాయ చెక్కతో రుద్ది, నాలుగు అట్లు పాడుచేసుకున్నాక గాని అది మన మాట వినదు. కొత్త చెప్పులూ అంతే. కరిచి కరిచి గాని కాలికి కుదురుకోవు.

ఆమధ్య నా నవలలో ఓ పాత్ర చేతికి రివాల్వర్ ఇవ్వాల్సొచ్చి, దాని పుట్టుపూర్వోత్తరాలు చదివాను. చదువుతున్నంతసేపూ ఆ పెనమే గుర్తొచ్చింది.

అమెరికాలో శామ్యూల్ కోల్ట్ అనే కుర్రవాడు ఇరవై రెండేళ్ళు నిండకుండానే, 1836లో తన రివాల్వర్‌కి పేటెంటు పుచ్చుకున్నాడు. న్యూజెర్సీలోని పేటర్సన్‌లో తయారీ. వరసగా ఐదు గుళ్ళు పేల్చవచ్చు. చూడ్డానికి ముచ్చటైన వస్తువే. కాని మొదట్లో వచ్చినవాటిని మళ్ళీ నింపాలంటే గొట్టం ఊడదీయాలి. గుర్రం మీద పరిగెత్తేవాడికి అది సాధ్యమా? సైన్యం పెద్దగా కొనలేదు. 1842లో కంపెనీ మూతపడింది.

అయినా కొన్ని రివాల్వర్లు టెక్సస్ రేంజర్ల చేతికి వచ్చాయి. 1844 జూన్‌లో సుమారు పదిహేను మంది రేంజర్లు, తమకన్నా చాలా ఎక్కువమంది ఉన్న కొమాంచీలను వాటితోనే ఓడించారు. తుపాకీ ఒకసారి పేలితే మళ్ళీ నింపేలోగా బాణాలు వేయవచ్చునన్నది కొమాంచీలు అనుభవంతో నేర్చిన లెక్క. ఆ రోజు ఆ లెక్క తప్పింది.

ఆ పోరాటంలో బల్లెం పోటు తిన్న రేంజరు శామ్యూల్ వాకర్. మెక్సికోతో యుద్ధం వచ్చినప్పుడు రివాల్వర్‌లో ఏమేం మార్చాలో కోల్ట్‌కి చెప్పింది ఇతనే. 1847లో కొత్తది తయారైంది. ఆరు గుళ్ళు, మీట చుట్టూ కాపుగా ఓ కమ్మీ, ఊడదీయకుండానే గుళ్ళు దట్టించడానికి గొట్టం కింద ఓ కడ్డీ. బరువు రెండు కిలోలు! ప్రభుత్వం వెయ్యి కావాలంది. కోల్ట్‌కి అప్పటికి సొంత ఫ్యాక్టరీ లేదు, కనెక్టికట్‌లో విట్నీ గారి ఫ్యాక్టరీలో చేయించాడు.

కొత్తది కదా, అదీ పేచీ పెట్టింది. మందు ఎక్కువ పట్టడంతో, ఇనుము తట్టుకోలేక చాలావాటి గుళ్ళ గదులు పగిలిపోయాయి. పేల్చిన అదురుకి కింది కడ్డీ జారిపోయేది. సిపాయిలు దాన్ని తోలుతాడుతో కట్టుకున్నారట! మన ఇళ్ళలో మూత నిలవని డబ్బాకి తాడు కట్టమూ? 1848లో వచ్చిన రకంలో మందు పట్టే చోటు తగ్గించి, కడ్డీకి కొక్కెం పెట్టారు. ఇక పేల్చిన ప్రతిసారీ మసి. వేడినీళ్ళతో కడిగి, తడి ఆరబెట్టి, నూనె రాయాలి. అంట్లు తోమడం సిపాయిలకీ తప్పలేదన్నమాట.

వాకర్ మాత్రం ఆ మంచి రకం చూడలేదు. 1847 అక్టోబరు 9న మెక్సికోలోని వామాంత్లాలో చనిపోయాడు.

ఇక్కడే నా మనసు ఆగింది. వాడినవాడి మాట విని వస్తువును బాగుచేశారు, సరే. ఆ వస్తువు ఎవరి మీద పేలిందో వాళ్ళ మాట ఎవరడిగారు? పెనం మచ్చికైతే ఇంటిల్లిపాదీ తింటారు. రివాల్వర్ మచ్చికైతే ఎవరింట్లోనో పొయ్యి వెలగదు.

అన్నట్టు, నా నవలలో ఆ పాత్రకి రివాల్వర్ ఇచ్చాను గాని, మొదటి గుండు గురి తప్పించాను. కొత్తది కదండీ, అంత తొందరగా మాట వింటుందా!