బడి డబ్బులూ, అమ్మ సంతకమూ

1965 ఏప్రిల్ 11, ఆదివారం. అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ టెక్సాస్‌లో తన సొంత ఊరి పక్కన, చిన్నప్పుడు తను చదువుకున్న ఒంటిగది బడి ముందు ఆరుబయట బల్ల వేయించుకుని ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. పక్కన ఎవరున్నారనుకున్నారు? ఆయన మొట్టమొదటి పంతులమ్మ, మిస్ కేట్. నాలుగేళ్ల వయసులో ఆవిడ ఒళ్లో కూర్చుంటే గానీ చదివేవాడు కాదట ఆయన.

బీఏ తెలుగు చదివి వంటింట్లో తిరిగే నాకు అమెరికా చట్టాలెందుకని మీకు అనిపించొచ్చు. ఆ చట్టం కథలో అమ్మల కథ ఒకటుందండీ. అదే చెబుదామని.

జాన్సన్ ఇరవయ్యేళ్ల వయసులో, 1928లో, కొటుల్లా అనే చిన్న ఊళ్లో మెక్సికన్ పిల్లల బడిలో పంతులుగా చేశాడు. పిల్లలు పొద్దున్నే ఖాళీ కడుపుతో బడికొచ్చేవారు. మొదటి జీతంతో వాళ్లకి ఆటవస్తువులు కొన్నాడట. అది ఆయన మనసులో ఉండిపోయింది. అధ్యక్షుడయ్యాక పేద పిల్లల బళ్లకి కేంద్ర ప్రభుత్వం డబ్బివ్వాలని చట్టం తెచ్చాడు. అందులో మొదటి భాగమే టైటిల్ వన్. ఏడాదికి రెండు వేల డాలర్లకన్నా తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లల్ని లెక్కపెట్టి, ఒక్కో పిల్లకి ఆ రాష్ట్రంలో చదువుకయ్యే సగటు ఖర్చులో సగం ఇవ్వాలన్నది లెక్క. మొదటి ఏడాదే దాదాపు వంద కోట్ల డాలర్లయింది.

డబ్బు వచ్చిందంటే దానికి కాళ్లూ వస్తాయి కదా! సెనేటర్ రాబర్ట్ కెన్నెడీకి ముందే అనుమానం వచ్చింది. ఈ డబ్బుతో పిల్లలకి ఏమన్నా వచ్చిందో లేదో తల్లిదండ్రులకి తెలిసే దారేదీ అని సెనేట్ విచారణలోనే అడిగాడు. దాంతో ఏటా ఫలితాలు చూపించాలన్న షరతైతే పెట్టారు. కానీ ఖర్చు గురించి తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి అడగాలన్న మాట ఆ చట్టంలో లేదు.

నాలుగేళ్లకి, 1969లో, రూబీ మార్టిన్, ఫిలిస్ మెక్‌క్లూర్ అని ఇద్దరు ఆడవాళ్లు ప్రభుత్వం వారి ఆడిట్ కాగితాలే ముందేసుకుని ఒక నివేదిక రాశారు. పేద పిల్లల కోసం వచ్చిన డబ్బు ఈతకొలనులకీ, బ్యాండు మేళం యూనిఫాంలకీ, జిల్లాలో మామూలుగా అయ్యే ఖర్చులకీ పోయిందని పేజీ తర్వాత పేజీ చూపించారు. చాలాచోట్ల అలాంటి డబ్బొకటి వస్తోందన్న సంగతే తల్లులకి తెలీదు. ఆ ఇద్దరూ ఎవరినీ తిట్టలేదు, లెక్కలు చదివారంతే. ఇంటి పద్దు రాసే మనకి తెలియనిదేముంది, లెక్క చదివే మనిషి ఒకరుంటే చాలు, ఇల్లంతా సర్దుకుంటుంది.

ఈలోగా ఇంకోటి జరిగింది. 1966లో జేమ్స్ కోల్‌మన్ అనే ప్రొఫెసర్ ఆరు లక్షలమందికి పైగా పిల్లల్ని పరిశీలించి ఒక పెద్ద నివేదిక ఇచ్చాడు. పిల్లల మార్కుల్లో తేడాకి బడిలో ఉండే వసతులకన్నా ఇంటి పరిస్థితే ఎక్కువ కారణం అన్నది దాని సారం. ఆయన ఉద్దేశం ఏదైనా, జనానికి చేరేసరికి అది ఎలా మారి ఉంటుందో మనం ఊహించుకోగలం. పిల్ల చదవట్లేదా, అయితే వాళ్లమ్మ చూసుకోవట్లేదు! ఈ మాట వినని తల్లి మనలో ఎవరన్నా ఉన్నారా?

అసలు ఆ తల్లులు చూసుకోక కాదు. శాన్ ఆంటోనియో నగరంలో ఎడ్జ్‌వుడ్ అనే పేట సంగతి చూడండి. నూటికి తొంభైమంది మెక్సికన్ కుటుంబాల పిల్లలే. 1968 మేలో హైస్కూలు పిల్లలు నాలుగు వందలమంది దాకా, మా బడి కూలిపోయేలా ఉంది, సరైన టీచర్లు లేరంటూ క్లాసులు వదిలి బయటికొచ్చారు. వాళ్ల వెనక తల్లిదండ్రులు సంఘం పెట్టారు. అందులో ముందు నడిచింది ఎక్కువగా అమ్మలే. అల్బర్టా స్నిడ్ అనే ఆవిడ వారిలో ఒకరు. బడి డబ్బుని ఎవరో తినేస్తున్నారనే వాళ్లు మొదట అనుకున్నారు. ఆర్థర్ గాచ్‌మన్ అనే లాయరు దగ్గరికెళ్తే ఆయన, దొంగ మీ ఊళ్లో లేడమ్మా, లెక్కలోనే ఉన్నాడన్నట్టు చెప్పాడు.

ఆ లెక్క ఇదీ. అక్కడ బళ్లకి చాలా డబ్బు ఇళ్లమీద వేసే ఆస్తి పన్ను నుంచి వస్తుంది. 1967–68లో ఎడ్జ్‌వుడ్ వాళ్లు తమ ఆస్తి విలువలో ప్రతి వంద డాలర్లకీ 1.05 డాలర్లు పన్ను కట్టారు. అదే నగరంలో కలవారుండే అలమో హైట్స్ వాళ్లు కట్టింది 85 సెంట్లు. పేదవాళ్లే ఎక్కువ రేటు కట్టారన్నమాట! కట్టినా, ఇళ్లే చిన్నవి కాబట్టి ఎడ్జ్‌వుడ్‌లో ఒక్కో పిల్లకి సొంత పన్నునుంచి వచ్చింది 26 డాలర్లు. అలమో హైట్స్‌లో 333. రాష్ట్రం ఇద్దరికీ ఇంచుమించు సమానంగా ఇచ్చింది. కేంద్రం మాత్రం ఎడ్జ్‌వుడ్ పిల్లకి 108, అలమో హైట్స్ పిల్లకి 36 ఇచ్చింది. అన్నీ కూడితే 356 ఇక్కడ, 594 అక్కడ.

ఈ అంకెల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కేంద్రం పేదపిల్లకి మూడింతలు ఇచ్చింది, నిజమే. అయినా గుంత పూడలేదు. ఇప్పటికీ అమెరికాలో బళ్ల మొత్తం ఖర్చులో కేంద్రం వాటా పదో వంతుకి అటూ ఇటూగానే ఉంటుంది. బావి ఎండిపోయిన ఇంటికి పక్కవాళ్లు రోజూ బిందెడు నీళ్లిచ్చినట్టు. బిందె మంచిదే, కాదనను.

ఎడ్జ్‌వుడ్ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కేసు ముందు పేరు డెమెట్రియో రోడ్రిగెజ్ అనే తండ్రిది. 1973 మార్చిలో 5–4 తేడాతో ఓడిపోయారు. టెక్సాస్ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ పద్ధతి తప్పని చెప్పడానికి 1989 దాకా పట్టింది. అప్పటికి 1968లో బడి వదిలి బయటికొచ్చిన పిల్లలకే పిల్లలు పుట్టి బడికి పోతుంటారు.

మళ్లీ టైటిల్ వన్‌కి వద్దాం. 1969 నివేదిక తర్వాత ప్రభుత్వానికి కదలిక వచ్చింది. 1974 సవరణలో, ఈ డబ్బు తీసుకునే ప్రతి జిల్లాలోనూ ప్రతి బడిలోనూ తల్లిదండ్రుల సలహా మండలి ఉండాలన్నారు. అందులో ఎక్కువమంది ఆ పిల్లల తల్లిదండ్రులే అయ్యుండాలి, వాళ్లని తల్లిదండ్రులే ఎన్నుకోవాలి. 1978లో ఇంకో అడుగు వేసి, మండలి సభ్యులకి చట్టం కాపీ ఉచితంగా ఇవ్వాలనీ, శిక్షణ ఇవ్వాలనీ రాశారు. చట్టం కాపీ ఉచితంగా ఇవ్వడం మనకి చిన్న విషయంగా కనిపించొచ్చు. ఏది అడిగే హక్కుందో కాగితం మీద చూసుకున్న మనిషి గొంతు వేరేగా ఉంటుంది. అన్ని మండళ్లూ అద్భుతంగా పనిచేశాయని నేననను. కొన్నిచోట్ల కాఫీ తాగి వచ్చేసి ఉంటారు. కానీ కుర్చీ అంటూ ఒకటి ఉంది.

1981లో రేగన్ ప్రభుత్వం నిబంధనలు తగ్గిస్తామంటూ ఆ కుర్చీ తీసేసింది. తల్లిదండ్రుల్ని సంప్రదిస్తే చాలు, మండలి అక్కర్లేదంది. టైటిల్ వన్ పేరు కూడా చాప్టర్ వన్‌గా మార్చారు. 1988లో మళ్లీ తల్లిదండ్రుల పాత్ర పెంచారు. 1994లో పాత పేరు తిరిగొచ్చింది, దాంతోపాటు రెండు కొత్తవి వచ్చాయి. ఐదు లక్షల డాలర్లకి మించి అందుకునే జిల్లా అందులో కనీసం ఒక శాతం తల్లిదండ్రుల కోసం ఖర్చుపెట్టాలన్నది ఒకటి. బడికీ తల్లిదండ్రులకీ మధ్య ఒప్పంద పత్రం రెండోది.

ఆ ఒప్పంద పత్రం నేను చూశాను. అమెరికాలో ఉంటున్న మా పిన్ని కూతురు వాట్సాప్‌లో ఫొటో పంపింది. వాళ్ల పాప చదివే బడి టైటిల్ వన్ బడి. నూటికి నలభైమంది పేద పిల్లలుంటే ఆ డబ్బు బడి మొత్తానికి వాడుకోవచ్చట. పత్రంలో టీచరు ఏం చేస్తుందో, పాప ఏం చేస్తుందో, అమ్మానాన్నలు ఏం చేస్తారో రాసుంది. రోజూ చదివిస్తాను, వేళకి పడుకోబెడతాను, హోంవర్క్ చూస్తాను. కింద సంతకం. "ఇక పాప చదవకపోతే ముద్దాయిని నేనేనా అక్కా?" అంది.

నవ్వాను గానీ, నాకూ అదే అనిపించింది. 1974లో అమ్మని డబ్బు ఎటు పోవాలో చెప్పమని పిలిచారు. ఇరవయ్యేళ్లకి పక్క సర్దమని, పుస్తకం తెరిపించమని సంతకం తీసుకున్నారు. రెండింటికీ ఒకటే పేరు, తల్లిదండ్రుల భాగస్వామ్యం. పిల్లల్ని కూర్చోబెట్టి చదివించడం తక్కువ పనని నా ఉద్దేశం కాదు, మనమంతా చేసేదే. అందుకు కాగితం ఎందుకని?

ఏమాటకామాటే. 2015 చట్టంలో అక్కరకొచ్చేవీ ఉన్నాయి, అడిగితేనే కనబడతాయి. ఏటా ఒక సమావేశం పెట్టి ఈ డబ్బు సంగతి తల్లిదండ్రులకి చెప్పి తీరాలి. సమావేశాలు పొద్దున గానీ సాయంత్రం గానీ వీలు చూసి పెట్టాలి. పిల్లల్ని చూసుకునే ఏర్పాటుకీ, రానుపోను ఖర్చుకీ ఆ డబ్బే వాడొచ్చు. వీలైనంతవరకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. ఆ ఒక్క శాతంలో నూటికి తొంభై వంతులు బళ్లకే చేరాలి, దాన్ని ఎలా వాడాలో తల్లిదండ్రుల్ని కలుపుకునే నిర్ణయించాలి. బడి ప్రణాళిక నచ్చకపోతే వాళ్లు రాసిచ్చిన మాటల్ని కూడా దాంతోపాటు జిల్లాకి పంపాలి.

ఇవన్నీ దానికి తెలుగులో రాసి పంపాను. సెప్టెంబరు మీటింగుకి చంటాణ్ణి చంకనేసుకుని వెళ్లిందట. మన బడికి ఎంతొచ్చింది, దేనికి ఖర్చయింది అని అడిగిందట. ప్రిన్సిపాల్ ఒక నిమిషం ఆగి, ఫైలు తెమ్మని ఆఫీసులోకి కబురు పెట్టారట.