పినప్ ఫ్యాషన్

1940, 50 దశకాల అమెరికన్ స్త్రీల వేషధారణను నేటి నిత్యజీవితంలో ధరించే శైలి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనికులు తమ బసల గోడలకు అంటించుకున్న అందగత్తెల చిత్రాలు దీనికి మూలం. 1943లో ఫ్రాంక్ పావల్నీ తీసిన నటి బెటీ గ్రేబుల్ ఫొటో వాటిలో అతి ప్రసిద్ధం. చిత్రకారుడు గిల్ ఎల్వ్‌గ్రెన్ గీసిన క్యాలెండర్ బొమ్మలూ ఇంటింటికీ చేరాయి.

అయితే ఆ బొమ్మలు మగవారి చూపు కోసం పుట్టినవి. నేడు ఈ దుస్తులు వేసుకునే స్త్రీలు తమ ఇష్టం కోసం వేసుకుంటున్నారు. ఈ శైలి చరిత్రలో అసలైన మలుపు ఇదే.

బట్ట వాడకంపై యుద్ధకాలపు ఆంక్షల వల్ల 1942 నుంచి అమెరికాలో స్కర్టులు కురచై, కుచ్చిళ్లు తగ్గాయి. 1947లో పారిస్‌లో డిజైనర్ క్రిస్టియన్ డియోర్ సన్నని నడుము, నిండైన కుచ్చిళ్ల స్కర్టును మళ్లీ తెచ్చాడు. నేటి అభిమానులు ఈ రెండు పోకడలనూ కలుపుతారు. వారి గుర్తులు: చుక్కల గౌను, ఎర్రని లిప్‌స్టిక్, తలకు స్కార్ఫు, ముందు జుట్టును పైకి చుట్టి పిన్నులు పెట్టిన ‘విక్టరీ రోల్స్’. రోజూ ఆఫీసుకు వెళ్లేవారికి వీటిలో ఒక్కటి చాలు. మిగతావి మామూలు బట్టలే కావచ్చు.

ఆ కాలపు పాత గౌను కొనేటప్పుడు లేబుల్ మీది సైజును నమ్మకూడదు. అప్పటి కొలతలు వేరు. టేపుతో కొలిచి చూసుకోవాలి. రేయాన్ గౌను తడిస్తే బలం కోల్పోతుంది కాబట్టి పిండకుండా, పరచి ఆరబెట్టాలి.