రాజమహేంద్రవరం పొగాకు పరిశోధన సంస్థ: రసాయన శాల వైపు నుంచి చరిత్ర

పొగాకు సాగును, వ్యాపారాన్ని ఒక దారిన పెట్టడానికి 1945లో ఏర్పడిన భారత కేంద్ర పొగాకు సంఘం 1947లో రాజమహేంద్రవరంలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థను నెలకొల్పగా, 1965లో అది భారత వ్యవసాయ పరిశోధన మండలి ఆధ్వర్యంలోకి వచ్చింది. సంస్థ చరిత్ర అనగానే విడుదలైన వంగడాలు, పెరిగిన దిగుబడులు, డైరెక్టర్ల వరుస ముందుకు వస్తాయి. ఉత్సవ సంచికలలో భవనాల ఛాయాచిత్రాలకు దొరికే చోటు పరీక్షనాళికల దగ్గర నిలబడ్డ మనుషులకు దొరకడం అరుదు. కాని పొగాకుకు ధర పలికించేది తూకం ఒక్కటే కాదు, ఆకులోపలి రసాయనం కూడా కాబట్టి, మొక్క తనలో తయారుచేసుకునే పదార్థాలను వేరుచేసి, వాటి నిర్మాణం తేల్చి, పాళ్ళు కొలిచే సస్యరసాయన శాస్త్రం ఈ సంస్థకు పునాదుల్లోనే ఉంది.

సంస్థ చుట్టూ ఉన్న నేలలే దాని పరిశోధనకు విషయాలను అందించాయి. గోదావరి వరద తీశాక ఒండ్రు మేటవేసిన లంకల్లో పండే లంక పొగాకు చుట్టలకు పేరుపడింది. కృష్ణా, గుంటూరు ప్రాంతాల నల్లరేగడిలో సిగరెట్ల కోసం వర్జీనియా రకం విస్తరించింది. ఆ తరువాత పశ్చిమ గోదావరి మెట్టలో దేవరపల్లి, కొయ్యలగూడెం, జీలుగుమిల్లి వైపు తేలిక నేలల్లో నీటి వసతి కింద అదే వర్జీనియా మరో గుణంతో పండింది. ఒకే మొక్క మూడు నేలల్లో మూడు రకాల ఆకునిస్తుంటే, ఆ తేడా ఎక్కడుందో కంటితో, ముక్కుతో చెప్పగలిగిన రైతులు, గ్రేడర్లు ఎందరో ఉన్నారు. దాన్ని నికోటిన్, చక్కెరలు, క్లోరైడ్ అనే అంకెల్లోకి మార్చడం రసాయనజ్ఞుల వంతు అయింది.

ఆ అంకెల్లో మొదటిదైన నికోటిన్ పేరులోనే ఒక వింత ఉంది. 1560 ప్రాంతంలో లిస్బన్‌లో ఫ్రెంచి రాయబారిగా ఉంటూ పొగాకును తన దేశపు రాజాస్థానానికి పంపిన జాఁ నికో పేరు ముందు మొక్కకు, మొక్క నుంచి పదార్థానికి సంక్రమించింది. 1828లో హైడెల్‌బర్గ్‌లో దాన్ని మొదటిసారి శుద్ధంగా వేరుచేసిన పోసెల్ట్, రైమాన్‌ల పేర్లు గాని, 1893లో దాని నిర్మాణం తేల్చిన పిన్నర్ పేరు గాని జనం నోట నిలవలేదు. ఇది నికోటిన్‌కే పరిమితమైన అన్యాయం కాదు. పదార్థానికి అది దొరికిన మొక్క పేరే పెట్టడం ఈ శాస్త్రంలో ఆనవాయితీ కావడంతో, ఏళ్ళ తరబడి ఆకులు నూరి, ద్రావకాల్లో మరిగించి, స్ఫటికాలు తీసినవారి పేరు పదార్థంతో పాటు ప్రయాణం చేయదు.

ఇక చక్కెరల సంగతికి వస్తే, వర్జీనియా ఆకును బ్యారన్ అనే సెగగదిలో ఆరబెట్టే ఐదారు రోజులూ రసాయన చర్యలు వరుసగా నడిచే కాలం. కర్రలకు కట్టి వేలాడదీసిన పచ్చి ఆకుకు మొదట సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వద్ద, తేమ పోకుండా సన్నని సెగ పెడతారు. ఆకు అప్పటికింకా జీవంతోనే ఉంటుంది కనుక అందులోని పిండిపదార్థం చక్కెరలుగా మారుతుంది, ఆకుపచ్చని పత్రహరితం విరిగిపోయి, దాని చాటున ముందునుంచీ ఉన్న పసుపు వన్నె కెరోటినాయిడ్లు బయటపడతాయి. రంగు తిరిగిన క్షణం కనిపెట్టి వేడి పెంచి, ఆకును, చివరికి సుమారు 70 డిగ్రీల దగ్గర ఈనెను ఎండబెట్టాలి; తొందరపడితే పచ్చ మిగిలిపోతుంది, ఆలస్యమైతే వన్నె గోధుమకు దిగి గ్రేడు పడిపోతుంది.

క్లోరైడ్ సంగతి అంతకంటే చిన్నది, అంతకంటే కీలకమైనది. బావి నీటిలోని ఉప్పుదనం వేళ్ళగుండా ఆకుకు చేరి, ఆకులో క్లోరైడ్ 1.5 శాతం దాటితే ఆ ఆకు గాలిలోని తేమను పీల్చుకుని మెత్తబడుతుంది, సరిగా కాలదు. పొలంలో ఎంత నవనవలాడినా అటువంటి ఆకు వేలంలో వెనక్కు పోతుంది. నీటిలో క్లోరైడ్ కనిపెట్టే పాత పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది: నీటి నమూనాలో కొద్దిగా పొటాషియం క్రోమేట్ కలిపి, పైనుంచి సిల్వర్ నైట్రేట్‌ను చుక్క చుక్కగా వదిలితే తెల్లని మడ్డి దిగుతూ వచ్చి, క్లోరైడ్ అంతా తీరిపోగానే ఇటుక ఎరుపు నిలుస్తుంది, అప్పటికి ఖర్చయిన చుక్కలే లెక్క. దీనికి 1856లో దీన్ని ప్రకటించిన జర్మన్ రసాయనజ్ఞుడు మోర్ పేరుంది. పదార్థానికి మొక్క పేరు దక్కితే, పద్ధతికి మనిషి పేరు దక్కుతుందన్నమాట.

ఆ దారిన పేరు దక్కించుకున్నవాడు గోదావరి ప్రాంతంలోనే ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టి, రాజమహేంద్రవరంలో చదువు సాగించిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ప్రకటించిన భాస్వరం అంచనా విధానం ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా పాఠ్యపుస్తకాలకెక్కింది. భాస్వరం ఎంత ఉంటే ద్రావణం అంత నీలంగా మారుతుంది. ఆయన పోయాక 1953లో ఒక శిలీంధ్రపు ప్రజాతికి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు, 1995లో తపాలా బిళ్ళ వచ్చింది. బ్రతికుండగా ఆయనకు దక్కినది దీనితో పోలిస్తే చాలా తక్కువ.

ఆంధ్రదేశంలో సస్యరసాయనానికి గుర్తింపు తెచ్చిన పీఠం మాత్రం వాల్తేరులో ఏర్పడింది. మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పరిశోధన చేసి వచ్చిన టి. ఆర్. శేషాద్రి 1930ల నుంచి 1949 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఉండి, పత్తిపూల వన్నె పదార్థాల మీద వ్యాసపరంపర వెలువరించారు. నేల ఉసిరి నుంచి 1946లో కృష్ణమూర్తితో కలిసి ఆయన వేరుచేసిన ఫిల్లాంథిన్ నిర్మాణాన్ని 1960లలో వాల్తేరులోనే ఎల్. రామచంద్రరావు బృందం తేల్చింది. శేషాద్రి 1960లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు, 1963లో పద్మభూషణ్ అందుకున్నారు. ఆయన డెబ్బయ్యో పుట్టినరోజు పేర జాతీయ విజ్ఞాన అకాడమీ ఒక పతకాన్ని నెలకొల్పింది.

రాజమహేంద్రవరం సంస్థకు అటువంటి పతకం లేదు గాని, అంతకు తీసిపోని ఒక పని ఉంది. అది పొగాకు మీద కాక వేప మీద జరగడం విశేషం. పొగాకు నారుమళ్ళను రాత్రికి రాత్రే కొరికి జల్లెడ చేసే లద్దె పురుగు మీద బి. జి. జోషి, జి. రామప్రసాద్ వేపగింజల పప్పును ప్రయోగించి, ఆ పురుగు వేపపప్పు పడిన ఆకును ముట్టదని 1975లో ఇజ్రాయెల్ నుంచి వెలువడే ఫైటోపారసిటికా పత్రికలో ప్రకటించారు. 1979లో జోషి, ఎస్. సీతారామయ్య మరో మెట్టెక్కి, తల్లి రెక్కల పురుగు అటువంటి ఆకు మీద గుడ్లు పెట్టడానికే జంకుతుందని చూపించారు. పని ఎంత సులువో చూడదగ్గది: పొట్టు తీసిన పప్పును మెత్తగా దంచి, నీళ్ళలో కలిపి, గుడ్డలో వడకట్టి నారు మీద చల్లడమే. పురుగును చంపడం కాదు, ఆకలి ఉన్నా తిననివ్వకపోవడం ఇందులోని కిటుకు. దీన్నే భోజన నిరోధకం అంటారు.

దీని వెనక పొడుగాటి గొలుసుంది. 1942లో సలీముజ్జమాన్ సిద్దిఖీ వేపనూనె నుంచి నింబిన్ మొదలైనవాటిని వేరుచేశారు. 1962లో ఢిల్లీలో ప్రధాన్, జోత్వాణి, రాయ్ వేపగింజ మిడతలను తిననివ్వదని చూపారు. 1968లో ఇంగ్లండులో బటర్‌వర్త్, మోర్గాన్ అజాడిరాక్టిన్‌ను పట్టుకున్నారు. ఆ అణువు నిర్మాణం తేలడానికి 1980ల దాకా పట్టింది, ప్రయోగశాలలో దాన్ని కట్టడం 2007లో గాని పూర్తికాలేదు. నిర్మాణం తేలకముందే రాజమహేంద్రవరంలో దాని పని నిరూపించారన్నది సంస్థ గర్వంగా చెప్పుకోవలసిన మాట; వేప కషాయం చల్లే రైతుకు జోషి, రామప్రసాద్, సీతారామయ్యల పేర్లు తెలియకపోవడం కూడా అంతే నిజం.

పొగాకు వ్యర్థం నుంచి సొలనెసాల్ తీయడం మీద కూడా సంస్థలో పని జరిగింది. 1956లో అమెరికాలో మొదట వేరుచేసిన ఈ పదార్థం 45 కార్బన్ల పొడవైన గొలుసు, గుండె జబ్బులలో ఔషధంగా వాడే కోఎంజైమ్ క్యూ10 తయారీకి ముడిసరుకు. పొగతాగడం మీద ఆంక్షలు బిగుస్తున్న కాలంలో పొగాకుకు పొగ కాని ఉపయోగం వెతకడం ఇష్టాయిష్టాలతో తేలే విషయం కాదు, అవసరం.

ఇటీవల సంస్థ పేరే జాతీయ వాణిజ్య వ్యవసాయ పరిశోధన సంస్థగా మారి, పొగాకు సరసన మిరప, పసుపు, ఆముదం, అశ్వగంధ చేరాయి. పసుపులోని కర్కుమిన్‌ను 1815లో వోగెల్, పెల్టియే వేరుచేశారు, మిరప ఘాటుకు 1876లో థ్రెష్ కాప్సైసిన్ అని పేరు పెట్టాడు, అశ్వగంధలోని విథాఫెరిన్‌ను 1965లో ఇజ్రాయెల్‌లో లావీ బృందం గుర్తించింది. పదార్థాలకు పేర్లు ముందే ఖాయమయ్యాయి, వాటిలో ఏ ఒక్కటీ వేరుచేసినవారి పేరు కాదు. ఏ మడిలో పండిన దుంపలో, ఏ కాయలో, ఏ వేరులో అవి ఎంత శాతం ఉన్నాయన్న కొలత మాత్రం మళ్ళీ మొదటి నుంచి మొదలుకావలసి ఉంది.